గ్యాస్ కాదు

తడిసిన దుప్పటి పిండుతుంటే ఛాతీని ఎవరో గుప్పిట్లో పట్టి నొక్కినట్టయి, ఆమె బకెట్ పక్కనే చతికిలబడింది. "గ్యాస్ అయ్యుంటుంది, వేడినీళ్ళు తాగు" అంది అత్తగారు, గదిలోంచి తొంగి కూడా చూడకుండా. ఆమె తాగింది, దుప్పటి ఆరేసింది, పాఠాలు చెప్పడానికి బడికి పరుగెత్తింది. రెండేళ్ళుగా ఇదే వరస. "పని చెప్పినప్పుడే వస్తుందేం నీ నొప్పి?" అని నవ్వేవాడు భర్త. నిజమే, పనిచేసినప్పుడే వచ్చేది. అంత నిజమూ అతని నోట్లో పడి వెటకారమైపోయింది.

ఆ మధ్యాహ్నం జవాబు పత్రాల కట్టలు మోస్తూ బడి మెట్ల మీద కూలిపోయింది. తోటి టీచర్లు ఆస్పత్రికి చేర్చారు. హార్ట్ ఎటాక్ అని తేల్చి యాంజియోగ్రామ్ తీశారు.

"పూడికలేం లేవటగా!" అన్నాడు భర్త, పందెం గెలిచినట్టు.

"లేవు," అంది డాక్టరమ్మ. "కానీ గుండె పైనుంచి పోవాల్సిన రక్తనాళం ఈవిడకి కొంతమేర కండ లోపల్నుంచి పోతోంది. పుట్టుకతోనే అంత. చాలామందికి ఏ బాధా ఉండదు. ఈవిడకి మాత్రం గుండె కొట్టుకున్నప్పుడల్లా అది బాగా నలుగుతోంది. గుండె వేగం పెరిగితే రక్తం అందే వ్యవధే ఉండదు. ఎటాక్‌కి అదీ ఒక కారణం. మందులున్నాయి, భయపడకండి."

"పుట్టుకతోనా!" అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "చూశావురా, లోపం దాచి మనకి అంటగట్టారు."

మంచం మీద ఆమెకి ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు గ్యాస్ అన్న నోరే, అసలు కారణం తెలియగానే మోసం అంటోంది. తను చచ్చిపోయుంటే ఏమనేవాళ్ళు? చెప్పలేదనేవాళ్ళు.

"నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చేదమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

"ఎప్పుడో ఒకసారిలెండి," అన్నాడు భర్త. "తనకి కాస్త కోపం ఎక్కువ, అంతే."

"డాక్టర్ గారూ, వీళ్ళిద్దర్నీ బయటికి పంపండి. నొప్పి నాది, నేను చెప్తాను."

వాళ్ళు వెళ్ళాక దుప్పట్లు, మెట్లు, సిలిండరు, అర్ధాకలి పరుగులు, అన్నీ చెప్పింది. డాక్టరమ్మ ఒక్కసారీ అడ్డురాలేదు.

సాయంత్రం భర్త వచ్చాడు. "ఎల్లుండి పంపిస్తారట. ఇల్లంతా చెత్తచెత్తగా ఉంది, అమ్మవల్ల కావట్లేదు."

"నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను."

"ఎన్నాళ్ళు?"

నొప్పి ఎన్నాళ్ళ నుంచని ఒక్కసారైనా అడగని మనిషి. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఇంటి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి."