చీమలు లేని జీడితోట

కన్నమ్మ జీడిపూత రెమ్మ విరిచి తెచ్చి మొగుడి ముఖం ముందు పెట్టింది. పూతంతా నల్లగా మాడిపోయి ఉంది.

"ఏటిది మావా? దీనికీ మంటెట్టీసినావేటి?"

పాపారావు రెమ్మ అందుకుని తిప్పి చూశాడు. మంట పెట్టిన మాట నిజమే. పెట్టింది పూతకు కాదు.

పూండి పక్కన అతనికి ఎకరం తోట ఉంది. తొంభై తొమ్మిది తుపానులో సగం చెట్లు కూలాయి. మిగిలినవాటి పంట ఈ ఏడూ దక్కకపోతే, ఊళ్లో మగాళ్లంతా పోయినట్టే చెన్నైకి కట్టుబడి పనికి పోవాలి. పాపారావుకి పోవడం ఇష్టం లేదు.

నిరుడు జీడిపిక్కలు ఏరడానికి వచ్చిన రాజులమ్మ రెండో రోజే బుట్ట కింద పడేసింది.

"మేం రాం బాబూ. కొమ్మ మీద సెయ్యెడితే సీమలు సంకలోకి దూరతన్నాయి. ఆటితోనే ఏరించుకో!"

వెంట వచ్చిన ఆడాళ్లు నవ్వుకుంటూ చీమలు లేని వేరే తోటకి పోయారు. రాలిన పిక్కలు వానకు తడిసి మొలకెత్తాయి.

చీమల మీద పాపారావు కోపం కార్తీకం దాకా చల్లారలేదు. ఒక తెల్లవారుజామున, ఎర్రచీమలన్నీ గూళ్లలో ఉండగా, వెదురుగెడకు గుడ్డ చుట్టి కిరసనాయిల్లో ముంచి అంటించాడు. ఆకులు కుట్టి కట్టుకున్న గూళ్లు చిటపటలాడుతూ రాలాయి. ఒక్కటీ మిగల్చలేదు.

ఇప్పుడు పూతనిండా దోమలాంటి పురుగు. అది రసం పీల్చిన ప్రతి రెమ్మా మాడుతోంది. గట్టు అవతల, బావమరిది తవిటయ్య తోటలో పూత నిగనిగలాడుతోంది. చీమలూ ఉన్నాయి.

"ఆ పురుగుని సీమలే తినీసేవి బావా" అన్నాడు తవిటయ్య. "నువ్వు కాపలావోళ్లనే తగలెట్టీసినావు."

"ముందే సెప్పొచ్చు కదరా!"

"నాకు మాత్రం ఎరికేటి? నీ తోట సూసినాకే తెలిసింది."

చివరి కొమ్మల్లో విచ్చని పూత ఇంకా ఉంది. అదైనా దక్కించుకోవాలి. పాపారావు తవిటయ్య తోటలో నాలుగు గూళ్లు కోసి గోనెసంచిలో వేశాడు. చాలవనిపించి కాశీబుగ్గ దారిలో ఇంకో తోట నుంచి నాలుగు తెచ్చాడు. మెడా చేతులూ దద్దుర్లెక్కినా సంచి వదల్లేదు. పూత ఎక్కువ మిగిలిన నాలుగు చెట్లకి, ఒక్కోదానికి రెండు తోటల గూళ్లూ కలిపి కట్టాడు.

మధ్యాహ్నానికి చెట్ల కింద ఇసుక ఎర్రబడింది. ఈ తోట చీమలు ఆ తోట చీమల కాళ్లు పట్టి లాగుతూ, నడుములు కొరుకుతూ, పట్టు విడవకుండానే చస్తున్నాయి. ఒక జంటను వేళ్లతో విడదీయబోయాడు. రెండూ నలిగిపోయాయి.

చైత్రంలో రాజులమ్మ తనంతట తనే బుట్టతో వచ్చింది.

"సీమల్లేవంట కదా బాబూ, ఈపాలి..."

చెట్ల కింద ఒక్క పిక్కా లేకపోవడం చూసి ఆగిపోయింది.

"నానన్నాననే కాల్సినావేటి?"

"నువ్వు కూలోళ్లు పడే బాధ సెప్పినావు పిన్నీ. గెడకి నిప్పెట్టింది నానే."

ఆ సాయంత్రమే పలాసలో చెన్నై రైలు. కన్నమ్మ అతని చొక్కాలు సంచిలో సర్దుతోంది. పాపారావు మాత్రం తోటలో ఒక్కో చెట్టూ ఎక్కుతూ ఆకులు తిప్పి చూస్తున్నాడు, ఏ కొమ్మ మీదైనా ఒక్క గూడు మిగిలిందేమోనని.