ప్లస్ ముందుకా, వెనక్కా

పాత కారులో గేరు లీవర్‌ని వెనక్కి లాగితే గేరు పెరిగేది, ముందుకు తోస్తే తగ్గేది. కొత్త కారులో అది తిరగబడింది. ముందుకు తోస్తే ప్లస్, వెనక్కి లాగితే మైనస్. రెండూ క్లచ్ లేని ఆటోమేటిక్ బళ్లే. వదిలేస్తే గేర్లు వాటంతటవే మారతాయి. లీవర్‌ని పక్కకి జరిపితే మాత్రం మనమే మార్చుకోవచ్చు. దుర్గాశంకర్‌కి అలా పక్కకి జరిపి నడపడమే ఇష్టం.

దానికో కారణం ఉంది. వాళ్ల ఇల్లు యనమలకుదురులో, ఏటి కరకట్ట కింద. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు కట్ట మీదికి నిటారుగా ఎక్కాలి. ఆ ఎక్కుడులో బండిని దాని ఇష్టానికి వదిలేస్తే, ఒకటో గేరులో ఉండాలో రెండుకి పోవాలో తేల్చుకోలేక మధ్యలో నీరసపడిపోయేది. అందుకే అతను కింద ఉండగానే ఒకటో గేరు బిగించి ఎక్కించేవాడు. భార్య రాజ్యశ్రీకి పాత కారులో డ్రైవింగ్ నేర్పినప్పుడూ మొదట నేర్పింది అదే.

"ఎక్కేటప్పుడు బండి మాట మనం వినకూడదు రాజీ. మన మాట అది వినాలి. ముందుకి తొయ్యి. ఒకటొచ్చిందా? ఇంక పైకి చేరేదాకా దాన్ని కదపమాక."

వాళ్లకి పిల్లలు లేరు. బెంజ్ సర్కిల్ దగ్గర చేనేత చీరల దుకాణం ఉంది. పెడనలో దుర్గాశంకర్ బాబాయి పాండురంగయ్య మగ్గాలు నేయిస్తాడు. సరుకు అక్కణ్ణుంచే వస్తుంది. పొద్దున ఇద్దరూ కలిసి దుకాణం తెరవడం, చీకటి పడ్డాక కలిసి ఇంటికి రావడం. ఒకరు లేకుండా ఒకరు ఎక్కడికీ వెళ్లినట్టు ఎవరికీ గుర్తులేదు.

బుడమేరు పొంగిన ఏడు, సింగ్‌నగర్‌లో దుర్గాశంకర్ చెల్లెలి ఇంటి ముందు పెట్టిన పాత కారు టాపుదాకా మునిగింది. నీళ్లు తీశాక తలుపు తెరిస్తే సీట్ల మీద బురద గట్టిపడి ఉంది. అతను దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పద, పోదాం" అన్నాడు. కొన్నాళ్లకి ఈ కారు కొన్నారు. మొదట్లో అతని చెయ్యి కూడా తప్పేది. పెంచబోయి తగ్గించేవాడు, ఇంజను ఒక్కసారిగా అరిచేది. "చూశావా, నా జుట్టు నెరిసిందిగానీ చేతికి బుద్ధి రాలా!" అని తనమీద తనే నవ్వుకునేవాడు.

ఆ కారుకి అలవాటు పడకముందే అతనికి పక్షవాతం వచ్చింది.

దుకాణంలో ఒకావిడకి చీర విప్పి చూపిస్తున్నాడు. ఎడమ చేతిలోంచి చెంగు జారిపోయింది. మళ్లీ పట్టుకుందామని చూస్తే చెయ్యి లేవలేదు. "రాజీ, ఇదేంటో చూడు" అన్నాడు. ఆ మాట కూడా ముద్దముద్దగా వచ్చింది. ఆసుపత్రి వాళ్లు ప్రాణం నిలబెట్టారు గానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు పూర్తిగా తిరిగి రాలేదు. కొన్ని రోజులు అన్నీ స్పష్టంగా మాట్లాడేవాడు. కొన్ని రోజులు పాత సంగతులూ కొత్త సంగతులూ కలిపేసేవాడు.

ఇక స్టీరింగు రాజ్యశ్రీ చేతికొచ్చింది. పటమటలో ఫిన్నీ అనే కుర్ర ఫిజియోథెరపిస్టు దగ్గరికి రోజూ పొద్దున తీసుకెళ్లేది. దుర్గాశంకర్ పక్క సీట్లో కూర్చునేవాడు. అతని పనిచేసే కుడి చెయ్యి సరిగ్గా గేరు లీవర్ పక్కనే ఉండేది.

కట్ట ఎక్కే ముందు ఆమె లోపల అనుకునేది, ముందుకి ప్లస్, వెనక్కి మైనస్ అని. పాత కారులో నేర్చుకున్న చెయ్యి ముందుకి పోబోతే ఆపి వెనక్కి లాగేది. పక్కనుంచి అతను అనేవాడు.

"కాదు రాజీ. ముందుకి. ముందుకి తోస్తే తగ్గుద్ది."

"అది పాత కారండీ. ఇందులో వెనక్కి."

"ఓహో, అవును కదూ" అనేవాడు. మర్నాడు మళ్లీ అదే మాట.

ఆమె ఫిన్నీని అడిగింది. "పాత అలవాట్లు లోపల గట్టిగా ఉండిపోతాయి ఆంటీ. కొత్తవి నిలవడమే కష్టం. మీరు విసుక్కోకండి" అన్నాడతను.

విసుక్కోకూడదని ఆమెకీ ఉంది. కానీ వానలు పడే రోజుల్లో, ఒక పొద్దున, కట్ట ఎక్కుడు జారుడుగా ఉంది. వెనకాల వాళ్ల వీధిలో ఉండే శౌరయ్య మోపెడ్ మీద గడ్డిమోపు వేసుకుని వస్తున్నాడు. ఆమె వెనక్కి లాగి ఒకటో గేరు వేసి ఎక్కిస్తోంది. సగం ఎక్కాక దుర్గాశంకర్‌కి ఏమనిపించిందో, కుడి చెయ్యి చాపి, ఆమె చేతిని తోసేసి, లీవర్‌ని గట్టిగా ముందుకు తోశాడు. గేరు పెరిగింది. బండికి ఒక్క క్షణం లాగుడు పోయింది. వెనక్కి జారింది. ఆమె బ్రేకు తొక్కేలోపే బంపరు వెళ్లి మోపెడ్‌కి తగిలింది. శౌరయ్య గడ్డిమోపుతో సహా పక్కకి పడిపోయాడు.

ఆమె దిగి పరుగెత్తింది. మోకాలు దోక్కుపోయింది, అంతే. "ఏం కాలేదులే అమ్మా, గడ్డి మీదే పడ్డా" అన్నాడు శౌరయ్య, లుంగీ దులుపుకుంటూ. ఆమె మోపెడ్‌ని లేపి నిలబెట్టింది. తిరిగొచ్చి కూర్చుని తలుపు వేసుకుంది.

"నేను ఒకటో గేరే వేశా రాజీ" అన్నాడతను.

"చెయ్యి తియ్యండి దాని మీంచి!" అని అరిచింది. "మీ కారు పోయింది. వరదలో పోయింది. లేదది! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

అతను చెయ్యి తీసేశాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉంచి, చివరికి ఒళ్లో పడి ఉన్న ఎడమ చేతిని పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత అతని చెయ్యి లీవర్ వైపు రాలేదు. మాట కూడా తగ్గిపోయింది. అంతకుముందు, "ముందు బస్సు ఆగుతోంది చూసుకో", "ఆ ఆటోవాణ్ణి నమ్మమాక" అంటూ దారి పొడుగునా ఏదో ఒకటి చెప్పేవాడు. ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాడు. ఆమె తప్పు గేరు వేసి ఇంజను అరిచినా తల తిప్పేవాడు కాదు.

ఒకరోజు అన్నం కలిపి పెడుతూ, "నా మీద కోపమా?" అని అడిగింది.

"లేదు. నువ్వన్నది నిజమేగా" అన్నాడు. ఇంకో ముద్ద వద్దన్నాడు.

ఆ మాట ఆమెని తొలిచేసింది. మర్నాడు ఫిన్నీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఇంటికి దిగకుండా కట్ట మీదే నేరుగా పోనిచ్చింది. పెదపులిపాక దాటాక రోడ్డు చదునుగా, ఖాళీగా ఉంది. ఒక పక్క అరటితోటలు, ఇంకో పక్క లంకల అవతల ఏరు. బండి ఆపింది.

"ఏవండీ, చెయ్యి ఇలా ఇవ్వండి."

"వద్దు రాజీ. తప్పు చేస్తాను."

"చెయ్యండి. ఇక్కడ ఎక్కేదీ లేదు, వెనక ఎవరూ లేరు."

కుడి చెయ్యి తీసుకుని లీవర్ మీద పెట్టింది. మెల్లగా బయల్దేరింది. "ఊఁ, ఇప్పుడు పెంచండి" అంది. అతను వెనక్కి లాగాడు. గేరు తగ్గి బండి ఒక్క ఊపు ఊగింది, ఇంజను గోలపెట్టింది. అతను బెదిరిపోయి ఆమె ముఖంలోకి చూశాడు.

"బాగానే ఉంది. మళ్లీ" అంది.

"బండి అరుస్తోందే."

"అరవనీండి."

అతని నోరు ఒక పక్కకి మాత్రమే నవ్వింది.

అప్పట్నుంచి రోజూ ఆ కాస్త దూరం అతనిది. ఆమె స్టీరింగు పట్టుకునేది, అతను గేర్లు వేసేవాడు. దాదాపు ప్రతిసారీ తప్పే. ఆమె ఒక్కసారి కూడా సరిచెయ్యలేదు. మళ్లీ దారి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అరటిగెలలు ఎత్తే లారీని దూరంనుంచే చూసి చెప్పేవాడు.

వానలు తగ్గాక ఒక పొద్దున, ఆమె పెంచమనగానే, అతని చెయ్యి ముందుకు తోసింది. గేరు మెత్తగా పెరిగింది, బండి నున్నగా సాగిపోయింది. అతను లీవర్ వంక చూశాడు.

"ఇది కొత్త కారు కదూ" అన్నాడు, మాట ముద్దగా రాకుండా.

రాజ్యశ్రీ అవునని తల ఊపింది. ఆ రోజంతా దుకాణంలో వచ్చినవాళ్లందరితో నవ్వుతూ మాట్లాడింది. ఫిన్నీకి ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు అతని చెయ్యి మళ్లీ వెనక్కే లాగింది. నిన్నటి సంగతి అతనికి గుర్తులేదు. ఆమె గుర్తుచెయ్యలేదు.

కార్తీకం వెళ్లకముందే అతను పోయాడు. పొద్దున కాఫీ తీసుకుని లేపబోతే లేవలేదు.

కారు చాలా రోజులు అలాగే ఉండిపోయింది. దుకాణంలో చీరలు అయిపోతున్నాయని పనమ్మాయి అంటే ఒకరోజు తాళం తీసుకుంది. కట్ట కిందకి వచ్చేసరికి ఎడమ చెయ్యి తనంతట తనే లీవర్‌ని వెనక్కి లాగింది. ఒకటో గేరు పడింది. బండి ఆగకుండా, జారకుండా కట్ట మీదికి ఎక్కేసింది. పైకొచ్చాక గానీ ఆమెకి తెలియలేదు, ఏమీ అనుకోకుండానే గేరు వేసేసిందని. ఎప్పుడు అలవాటైందో తెలియదు. "కాదు రాజీ, ముందుకి" అనడానికి పక్కన ఎవరూ లేరు. బండి పక్కకి ఆపి, ఏటి వైపు చూస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత పెడన బయల్దేరింది.

పాండురంగయ్య గుమ్మంలోకి ఎదురొచ్చాడు. ఆమెని ఒక్కదాన్నీ చూసి, కండువాతో ముఖం తుడుచుకుని, "భోంచేసి వెళ్లమ్మా" అన్నాడు. ఆమె రెండు ముద్దలు తింది. చీరల మూటలు తెచ్చి ఆయనే వెనక తలుపు తియ్యబోయాడు.

"ముందు సీట్లో పెట్టండి మావయ్య గారూ."

"వెనకంతా ఖాళీయే కదమ్మా."

"ముందే పెట్టండి."

పెట్టాడు. ఆమె బండి స్టార్ట్ చెయ్యగానే, సీట్లో ఎవరో మనిషి ఉన్నారనుకుని, బెల్టు పెట్టుకోమని కారు కూత పెట్టడం మొదలుపెట్టింది. పాండురంగయ్యకి అర్థం కాలేదు. ఆమె వంగి, బెల్టుని మూటల చుట్టూ తిప్పి బిగించింది. కూత ఆగింది.

గూడూరు దాటాక ఏడుపొచ్చింది. పామర్రు దాటినా ఆగలేదు. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు వరసగా అడ్డం వచ్చాయి. కళ్లు తుడుచుకుని దారి చూసుకోవాల్సి వచ్చింది.