చెంగమ్మ పొలం మట్టి

సమితి ఆఫీసు హాల్లో చీలమండల దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి, కుర్చీల మధ్య వరినారు పచ్చగా ఊగుతోంది, పంచె మోకాళ్ల పైకి మడుచుకుని ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్న మా తాత పెంచలరెడ్డి, తాను చనిపోయి నాలుగేళ్లయిన సంగతే గుర్తు లేనట్టు నన్ను చూసి నవ్వుతున్నాడు.

"ఏమ్మే సుగుణా, మట్టి వచ్చిందా?"

"ఇంకా రాలేదు తాతా."

ఆయన అడిగేది ఏ మట్టో నాకు తెలుసు. చెరువు నీళ్లు వదిలితే ముందు తగిలేది మా ముప్పై ఎకరాలకే, అయినా కాలవ చివర చెంగమ్మ పొలం తడిసి, అక్కడి తడిమట్టి ముద్ద ఒకటి మా గట్టు మీదికి చేరేదాకా మా పొలంలోకి నీళ్లు మళ్లే మడవకే కాదు, పై పొలాల్లో ఏ మడవకూ గండి కొట్టకూడదని సమితి ప్రెసిడెంటుగా ఆయన పెట్టిన కట్టుబాటు.

"మీ చిన్నాయన ఏమంటన్నాడు?"

"నారు ఎండిపోతా ఉంది, ఈ ఏడు మట్టీ గిట్టీ కుదరదు, తెరిచేస్తా అన్నాడు. పార లాక్కుని దాని మీద కూర్చున్నా."

"నువ్వా! నోట్లోంచి మాటే రాదు గదే నీకు!"

"మాట్లాడలేదు తాతా. కూర్చున్నానంతే."

ఆయన పెద్దగా నవ్వుతాడు, ఆ నవ్వుకు హాలు గోడలు మంచులాగా పక్కకు జరిగిపోతాయి, కుర్చీల వరస గట్టుగా మారిపోతుంది, ఆ గట్టు మీద మేమిద్దరం నడుస్తుంటే ఓటేయడానికి నిలబడిన పై పొలాల రైతులు తాతను చూసి మొహాలు తిప్పుకుంటారు, ఆయన మాత్రం ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తూ పోతాడు. ఆయన బతికుండగా అడగలేకపోయినది ఇప్పుడు అడుగుతాను.

"ఎలక్షన్ల ఏడు వీళ్ల మడవలు ముందు తెరవనిచ్చి ఉంటే ఎమ్మెల్యే అయ్యేవాడివి గదా? తగ్గింది నూటనాలుగు ఓట్లే గదా?"

"అయ్యేవాణ్ణే."

"మరి బాధ లేదా?"

"ఎందుకుండదు? ఆ రోజు మీ అవ్వ పెట్టిన అన్నం ముట్టలా. మర్నాడు పొద్దున్నే చెంగమ్మ మట్టిముద్ద పట్టుకొచ్చి, 'ఓడిపోయినావంట గదా రెడ్డీ, ఇంక తీరిగ్గా నారు పోసుకో' అని ఎగతాళి చేసింది. ఆ మట్టిని మన నారుమడిలోనే కలిపా. ఆకలేసింది మే, ఇంటికిపోయి రెండుసార్లు పెట్టించుకుని తిన్నా."

ఆయన తల ఎత్తి నడుస్తున్నాడు, నీళ్లు ఆయన కాళ్లను దాటి దూరంగా, కనపడనంత దూరంగా పోతున్నాయి, వాటి వెంట ఆయనా పోతూ, "నిద్రపోతన్నావే నువ్వు, లే!" అంటాడు.

ఉలిక్కిపడి లేచాను. మధ్యాహ్నపు ఎండ. తుమ్మచెట్టు కిందే కూర్చుని ఉన్నాను, పార నా కిందే ఉంది. మా మడవకు వేసిన అడ్డుకట్ట చెక్కుచెదరలేదు. గట్టు మీద చిన్నాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"చెంగమ్మవ్వ వచ్చి పోయింది. 'రెడ్డి మనవరాలు కాపలా ఉంది, లేపబాక' అనింది," అని చెయ్యి చాపాడు. "ఇంక పార ఇయ్యమ్మా."

నా కాలి పక్కన మట్టిముద్ద. దాని మీద ముసలి వేళ్ల గుర్తుల్లోంచి నీరు ఇంకా కారుతోంది.