బావ లీకులకు బాత్రూం చలి

"బాత్రూంలో నా పిలకల్ని చలి చంపేస్తోందే!" అని మా కత్‌బర్ట్ బావ పెరట్లో గొంతు చించుకున్నాడు. పక్కింటి విన్నీ పిన్నికి వినికిడి తక్కువ, విన్నది చెప్పడం ఎక్కువ. ఆమె చెవిలో పిలకలు పిల్లలయ్యాయి.

మా నార్తంబర్లాండ్ బొగ్గుగనుల ఊళ్లలో సెప్టెంబరు లీకుల పోటీ అంటే ప్రాణం. ఉల్లికి పెదనాన్నలా ఉండే ఆ కాడ, ముంజేయంత లావెక్కాలి. బావకి ఏటేటా రెండో బహుమతే. ఈసారి మొదటిది రాకపోతే పోటీ పెట్టే క్లబ్బులో తలెత్తుకోలేనన్నాడు. అందుకే శీతకాలంలోనే లీకు పిలకల్ని వెచ్చగా, వెలుతురుగా ఉండే బాత్రూం కిటికీ దగ్గర పెట్టాడు. తీరా చూస్తే ఆవిరి లాగే ఫ్యాను కన్నంలోంచి సముద్రపు ఈదురుగాలి లోపలికి తన్నుకొస్తోంది. పిలకలు తలలు వాల్చేశాయి. లీకు వల్ల లీకులకే ముప్పన్నమాట. ఆ ఫ్యానుకి ఇంట్లో ఒక్క ఫ్యానూ లేడు.

బావ కన్నంలో మేజోళ్లు కుక్కాడు. మా డోరీన్ అక్క స్నానానికెళ్లి దీపం వెలిగించే తాడు లాగింది. దీపం వెలగగానే ఫ్యానూ తిరిగి, గురగురమని, మేజోడును ఆమె నెత్తిన ఉమ్మేసింది.

"రిపేరు మనిషిని పిలవరా బాబూ!" అంది అక్క నాతో.

"ఎవడూ రాకూడదు!" అని బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకున్నాడు బావ. పోటీకి ముందు పరాయి కన్ను పడితే లీకు ఎదగదని మావాళ్ల నమ్మకం. పైగా ఏ మందు పోస్తున్నాడో బయటపడుతుందని భయం.

అంతలో విన్నీ పిన్ని వీధి వీధంతా వెంటేసుకుని బాత్రూం తలుపు దగ్గరికొచ్చింది. చేతుల్లో దుప్పట్లు, ఊలు టోపీలు, పాలసీసాలు.

"తలుపు తియ్యరా దుర్మార్గుడా! పసికందుల్ని చలిలో పెడతావా?"

"చూస్తే చచ్చిపోతాయి! పొండి!"

"విన్నారా? చచ్చిపోతారట!" అని పిన్ని గుండె బాదుకుంది.

తలుపు తెరుచుకోకపోయేసరికి జనం ఇంటి వెనక్కి మళ్లారు, కిటికీలోంచి చూద్దామని. నిచ్చెన ఎక్కింది నేను. కిటికీ ఆవిరితో మసకగా ఉంది గాని, దాని పక్కనే ఫ్యాను కన్నం బయటి రేకుమూత కనిపించింది. ఫ్యాను తిరిగితే తెరుచుకుని, ఆగితే మూసుకోవాల్సిన మూత అది. నోరు బార్లా తెరిచి ఉంది, మధ్యలో బట్టల క్లిప్పు.

"బావా! ఈ క్లిప్పు ఎవరు పెట్టారు?"

లోపల్నుంచి చిన్న గొంతు: "నేనేరా... మొన్న ఆకురాలు కాలంలో స్నానాల తొట్టెలో లీకుల మందు కలిపాను. గొర్రె పెంట, బీరు. కంపు పోతుందని మూత ఎత్తిపెట్టా. మర్చిపోయా."

"మందులో బీరా!" అని కింద జనంలో ఉన్న బావ పోటీదారులు చెవులు రిక్కించారు. క్లిప్పు పీకాను. మూత టపీమని పడింది. గాలి ఆగింది.

లోపల బావ "నిలబడ్డాయి! ఆకు కదలడం లేదు!" అని కేకేశాడు.

"ఎంతమంది పిల్లలురా?" అంది పిన్ని.

అక్క పిన్ని చెవి దగ్గర నోరు పెట్టి, వీధంతా వినేలా అరిచింది: "పిల్లలు కాదు పిన్నీ, పిలకలు! లీకు పిలకలు! నేను పిల్లల్ని కంటే నాకు తెలియదూ?"