దర్జీ మతి

"మింగిండ్రా? నాలుక ఎత్తుండ్రి," అంది దిల్షాద్.

సిరాజుద్దీన్ నాలుక ఎత్తి చూపించాడు. మాత్ర దవడ పక్కన నక్కి ఉంది. భార్య వంటింట్లోకి తిరగగానే దాన్ని కిటికీలోంచి ఉమ్మేశాడు. ఇది ఐదో రోజు.

ఏడాది కింద ఫిట్స్ వచ్చి పడిపోయినప్పటి నుంచీ భద్రాచలం డాక్టరు రాసిన మాత్రలే. పడిపోవడం ఆగింది, నిజమే. కానీ ముప్పై ఏళ్లుగా పుస్తకమంటూ లేకుండా దుమ్ముగూడెంలో అందరి కొలతలూ తలలో పెట్టుకున్న దర్జీ, చేతిలో ఉన్న కత్తెర పేరే ఒకరోజు మరిచిపోయాడు. మతి మందగిస్తే చెప్పమని, మందు మారుస్తానని డాక్టరు అననే అన్నాడు. చెబితే ఊరంతా పాకుతుంది, గిరాకీ పోతుంది. అందుకని చెప్పకుండా అనుమానం పెంచుకున్నాడు. ముందు మాత్ర మీద, తర్వాత డాక్టరు మీద, చివరికి పొద్దున్నే నీళ్ల గ్లాసుతో నిలబడే దిల్షాద్ మీద. టీ కూడా ఆమె తాగాకే తాగుతున్నాడు, పిచ్చి మనిషి.

ఆ పూట సీతయ్య చొక్కా గుడ్డ తెచ్చాడు. "కొలత తీసుకో సిరాజ్ భాయ్."

"ఎందుకు? ఛాతీ నలభై, చెయ్యి ఇరవైమూడున్నర. ఎడమ భుజం జర కిందికి."

"అవ్, గదే! నీ బుర్ర మల్లొచ్చింది."

సిరాజుద్దీన్‌కు కళ్లు చెమర్చాయి. మతిని ఎత్తుకుపోయిన దొంగ ఆ మాత్రేనని తేలిపోయినట్టే అనిపించింది. సీతయ్య వెళ్లాక హుషారుగా గుడ్డ కత్తిరించాడు. ఆ హుషారు దిల్షాద్‌కు నచ్చలేదు.

"గింత జల్దీ ఎట్ల గుర్తొచ్చింది? గోలీ మింగుతున్నరా లేదా?"

"పోలీసోల్ల లెక్క అడుగుడు బంద్ చెయ్యి."

"మతికి లేకుంటే ఏమాయె? పుస్తకంల రాసుకుందాం. నేను రాస్త."

అతను మిషన్ తొక్కాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని బజారుకు నడిచింది.

తిరిగొచ్చేసరికి మిషన్ ఆగిపోయి ఉంది. అతను నేల మీద ఒరిగి ఉన్నాడు, వేళ్లు బిగుసుకుని, పెదవి కొరుక్కుని. ఊపిరి లేదు.

"నా కండ్ల ముందే మింగిండ్రు. నాలుక గూడ చూసిన," అని వచ్చినవాళ్లందరికీ దిల్షాద్ చెబుతూనే ఉంది.

ఆమె తెచ్చిన నోటుబుక్కు గుడ్డముక్కల మధ్య పడి ఉంది. ఊరందరినీ కొలిచిన మనిషి కొలతలే ముందు రాద్దామని, కొట్టులోనే పెన్ను అడిగి మొదటి పేజీ మీద సిరాజుద్దీన్ అని రాసింది. కింద ఛాతీ, చెయ్యి, మెడ, వాటి పక్కన ఖాళీ.