గె మేస్త్రీ పెట్టిన ఆర్డరు

వ్యాను దించి వెళ్ళిన మూడు నీలం బుట్టలనూ తావ్ లాన్‌యింగ్ ఒక్కొక్కటే మెట్ల కింది గదిలోకి ఈడ్చుకొచ్చింది. నూలు మిల్లు నడిచిన రోజుల్లో కార్మికులు సైకిళ్ళు పెట్టుకున్న గది అది. బయట సన్నని జల్లు పడుతోంది. యాంగ్సీ నది మీది చలిగాలి తలుపు సందులోంచి దూరి కాళ్ళకు చుట్టుకుంటోంది. ఆమె పీట మీద కూర్చుని, సంచులకు అంటించిన పేర్లు చదువుతూ సరుకు వేరుచేయసాగింది. తామరదుంపలు పెంగ్ పిన్నివి. గుడ్లు, అల్లం హు తాతవి.

ఆమె చేతులు చూస్తే యాభై తొమ్మిదేళ్ళ మనిషివని చెప్పలేం. తెగిన నూలు పోగును పట్టి, కంటికి కనిపించకుండా ముడివేసిన వేళ్ళు ఇంకా అంతే చురుగ్గా కదులుతాయి. మిల్లు మోత తీసుకుపోయింది ఎడమ చెవిని. అందుకే ఎవరు పలకరించినా ముఖం కాస్త పక్కకు తిప్పి కుడి చెవి ఇస్తుంది. తెలియనివాళ్ళు పొగరనుకుంటారు.

మిల్లు కార్మికుల కోసం కట్టిన ఆ ఏడు బ్లాకుల్లో ఉండేది దాదాపు అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఫోనులో కూరగాయలు అమ్మే కంపెనీని వాళ్ళు నమ్మరు. లాన్‌యింగ్‌ను నమ్ముతారు. ఆ సంగతి తెలిసే కంపెనీ ఆమెను పెట్టుకుంది. రాత్రి ఆర్డర్లు పెట్టించడం, మర్నాడు సాయంత్రం సరుకు అందించడం ఆమె పని. మొదట్లో కంపెనీ తరఫున ఒకామె వచ్చి పాఠం చెప్పింది. "ముసలివాళ్ళ కోసం అక్షరాలు పెద్దవి చేశాం. మీరు 'ఈ రోజే ఆఖరు' అనండి చాలు, కొనేస్తారు." లాన్‌యింగ్ తలూపింది. ఆ రాత్రే బ్లాకులవాళ్ళందరికీ ఫోనులో సందేశం పెట్టింది: "ఈ వారం టమాటాలు మెత్తగా ఉన్నాయి. తీసుకోకండి." మళ్ళీ ఎవరూ పాఠం చెప్పడానికి రాలేదు.

ఈ మధ్యాహ్నం కంపెనీ నుంచి ఆమెకే ఒక సందేశం వచ్చింది. ఒకటో తారీకు నుంచి ఈ ఊళ్ళో సరఫరా ఆపేస్తున్నారట. పెద్దవాళ్ళను వేరే యాప్‌కు మారమని ప్రోత్సహించాలట. రెండుసార్లు చదివి ఫోను జేబులో వేసుకుంది.

మూడో బుట్ట అడుగున టోఫు డబ్బాలు పేర్చి ఉన్నాయి, ఇంటికెళ్ళగానే నీళ్ళలో వేసి ఉంచుకునే సోయా పన్నీరు. లెక్కపెట్టి చూసింది. పదకొండు. అన్నిటి మీదా ఒకటే పేరు, గె వెన్‌బిన్.

"ఏంటే, గె మేస్త్రీ పెళ్ళి చేసుకుంటున్నాడా?" తామరదుంపల కోసం వచ్చిన పెంగ్ పిన్ని వంగి చూసింది.

"ఎనభై ఒకటో ఏట పిల్ల దొరికితే నాకూ ఓ మాట చెప్పమను," అన్నాడు వెనకనుంచి హు తాత.

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. లాన్‌యింగ్ నవ్వలేదు.

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో మిల్లు మనుషుల్ని తీసేసినప్పుడు, షెడ్డు మధ్య బల్ల ఎక్కి ఆ జాబితా చదివింది గె మేస్త్రీయే. మూడో పేరు ఆమెది. చదివి, బల్ల దిగి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఆమెకప్పుడు ముప్పై మూడేళ్ళు. తర్వాత ఆమె ఆవిరి రొట్టెలు అమ్మింది, ఆసుపత్రిలో నేల తుడిచింది, మంచాన పడ్డ భర్తను ఆరేళ్ళు చూసుకుని సాగనంపింది. నాలుగేళ్ళుగా గె మేస్త్రీ రోజూ ఈ గుమ్మం ముందుకొచ్చి ఫోను చాపేవాడు. "లాన్‌యింగ్, ఇదెలా నొక్కాలో ఇంకోసారి చెప్పమ్మా." ఒక టోఫు డబ్బా. ఎప్పుడూ అదే. ఆమె ముఖం చూడకుండానే నొక్కి ఇచ్చేసేది. అంత షెడ్డు నడిపినవాడికి ఇది రాదంటే ఆమె నమ్మలేదు.

నిన్న సాయంత్రం ఆమెకు ఓపిక నశించింది. "ఇకనుంచి మీరే నొక్కుకోండి మేస్త్రీగారూ. నేను వేలు పెట్టను."

ఆయన తన చూపుడువేలు ఒకసారి చూసుకుని, సరేనని వెళ్ళిపోయాడు.

ముసలితనంలో వేళ్ళు ఎండిపోతే ఫోను పలకదని ఆమెకు తెలుసు. వేలి మీద కాస్త నోటి ఆవిరి ఊదుకోవాలి. హు తాతకు చెప్పింది, పెంగ్ పిన్నికి చెప్పింది. ఆయనకు చెప్పలేదు. పలకలేదని నొక్కిందే నొక్కి ఉంటాడు, అలా పదకొండు పడ్డాయి.

అందరూ సంచులు అందుకున్నాక లాన్‌యింగ్ కంపెనీ మాట చెప్పింది.

"మరి ఈ గదో?" అంది పెంగ్ పిన్ని.

"తాళం ఇచ్చేస్తాను."

"ఆ కొత్తదాంట్లో టమాటాలు మెత్తగా ఉన్నాయని ఎవరు చెప్తారే?"

గొడుగులు ఒక్కొక్కటే విప్పుకుని మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. గె మేస్త్రీ మాత్రం రాలేదు. సిగ్గుపడి రాలేదనుకుంది. డబ్బాలన్నీ రెండు సంచుల్లో సర్ది, పెంగ్ పిన్నితోపాటు ఆయన ఉండే ఐదో అంతస్తు ఎక్కింది. దారిలో ఏం చెప్పాలో కూడగట్టుకుంది. పది వాపసు పెట్టేయొచ్చు, కంగారేం లేదు. వేలి మీద ఊదుకోవడమూ చెప్పాలి.

తలుపు కొడితే పలుకు లేదు. ఎదురింటి పెంగ్ పిన్ని దగ్గర మారుతాళం చెవి ఉంది.

ఆయన కిటికీ పక్క వెదురు కుర్చీలో ఉన్నాడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, బూట్లు వేసుకుని, కిందికి దిగడానికి సిద్ధమై కాసేపు కూర్చున్నట్టు. తల ఒక పక్కకు వాలి ఉంది. లాన్‌యింగ్ సంచులు దించి ఆయన చేయి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. చల్లబడిపోయింది.

పెంగ్ పిన్ని కాలనీ ఆఫీసుకు ఫోను చేసింది. చేసి, వచ్చి లాన్‌యింగ్‌కు ఎడమవైపున నిలబడింది.

"పొద్దున మెట్ల మీద కనిపించి చెప్పాడే. రాత్రి ఎవరి సాయమూ లేకుండా తనే ఆర్డరు పెట్టాడట. సాయంత్రం నీకు చెప్పాలన్నాడు."

ఎడమవైపునుంచే అన్నా ఆ మాట ఆమెకు వినబడింది.

ఆఫీసువాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనక డాక్టరు వచ్చారు. ఏవో అడిగారు, రాసుకున్నారు. దగ్గరివాళ్ళెవరని అడిగితే పెంగ్ పిన్ని వూహాన్‌లో ఉండే తమ్ముడి పేరు చెప్పింది. నువ్వేమవుతావని లాన్‌యింగ్‌ను అడిగారు.

"ఆయన కింద పనిచేశాను," అంది.

మనుషులు కదలడానికి చోటు చాలక ఆమె సంచులు రెండూ పట్టుకుని వంటింట్లోకి తప్పుకుంది. అక్కడ గట్టు మీద, ఒక్క టోఫు ముక్క మునిగేంత చిన్న పింగాణీ గిన్నెలో, అంచు దాకా మంచినీళ్ళు పోసి ఉన్నాయి.