ముందు ఫోను పెట్టకూడదు

ఆ పొద్దున ఓక్‌హీ గొంతును అందరి ముందూ స్పీకర్లో వినిపించారు.

దక్షిణ కొరియాలో, డేజన్ నగరంలోని మిరినే టెలికాం కాల్ సెంటర్‌లో అదొక ఆచారం. ఎవరి కాల్ చెడితే వాళ్ల కాల్‌ను మర్నాడు పని మొదలయ్యే ముందు అందరికీ వినిపిస్తారు. తప్పు చేసిన మనిషి అందరి ఎదుటా తలొంచుకుని నిలబడాలి. ఓక్‌హీ ఏభై దాటిన మనిషి. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ హెడ్‌సెట్ పెట్టుకోవడం దగ్గర్నించి నేర్పింది ఆవిడే. ఆవిడ పక్క సీటు మిరాన్‌ది. అందుకే ముందురోజు జరిగిందంతా మిరాన్ కళ్లారా చూసింది.

ఎవడో ఇంటర్నెట్ కనెక్షన్ తీసేయమన్నాడు. తీసేయమన్నవాణ్ని ఎలాగోలా ఆపడమే ఈ ఆడవాళ్ల ఉద్యోగం. వాడు బూతులకు దిగాడు. ఎంత తిట్టినా సరే, అవతలివాడు పెట్టేదాకా ఇవతల ఫోను పెట్టకూడదు. బాత్రూంకి వెళ్లాలన్నా కంప్యూటర్లో అడిగి వంతు కోసం ఆగాలి, టీం మొత్తానికి ఒక్కసారికి ఒక్కరే వెళ్లాలి. ఓక్‌హీ అడిగింది. వంతు వచ్చింది. వాడు మాత్రం వదల్లేదు. వంతు దాటిపోయింది. మళ్లీ అడిగింది. చివరికి కుర్చీ తడిసిపోయింది. అప్పుడు మాత్రమే ఆవిడ ఫోను పెట్టేసింది.

"మిమ్మల్ని ప్రేమిస్తున్నాం కస్టమర్ గారూ" అని మొదలైంది స్పీకర్లో. ఫోనెత్తగానే ఎవరైనా అనాల్సిన మాట అది. ప్రేమను కూడా కాంట్రాక్టుకిచ్చిన ఘనత ఈ కంపెనీది. ఆ తర్వాత వాడి బూతులు, వాటి మధ్య "ఒక్క నిమిషం సార్, దయచేసి ఒక్క నిమిషం" అనే బతిమాలుడు. ఆవిడ ఊపిరి బిగబట్టడం కూడా వినిపించింది.

టీం లీడర్ బే స్పీకర్ ఆపి, శుక్రవారం ఓక్‌హీ ఆ కస్టమర్‌కి ఫోన్ చేసి అందరూ వినేట్టు క్షమాపణ చెబుతుందని, చెప్పకపోతే ఆవిడ కాంట్రాక్టు అక్కడితో సరి అని ప్రకటించాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోవాలనీ, మిగతావాళ్లు దడుచుకోవాలనీ అతని ఉద్దేశం. అతను పొరపడింది అక్కడే. ఆ బిగబట్టిన ఊపిరి ఎవరిదో అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. అది తమదే.

సాయంత్రం వెనక వీధిలోని పంది పులుసు హోటల్లో కూడారు. అందరిలోకీ చిన్నది సెబ్యోల్ బల్ల గుద్దింది. రేపే అందరం లేచి బయటికొచ్చేద్దామంది. సగం మంది సరే అన్నారు, సగం మంది గిన్నెల్లోకి చూశారు.

"లేస్తే ఏమవుద్ది?" అంది మిరాన్. "మన కాల్స్ అన్నీ ఆ క్షణమే గ్వాంగ్జు ఊళ్లో ఉన్న ఇంకో సెంటర్‌కి మళ్లిస్తారు. తిట్లు వాళ్లు తింటారు, మనం ఇంటికి పోతాం. కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"భయమని చెప్పక్కా, సరిపోద్ది," అంది సెబ్యోల్.

"భయమే. మా పిల్లతో మాట్లాడినా నేను ముందు ఫోను పెట్టలేను తెలుసా? అది పెట్టేదాకా చెవికి ఆనించుకుని కూచుంటా. అది నవ్వుద్ది నన్ను చూసి."

ఎవరూ నవ్వలేదు. వాళ్లందరి ఇళ్లలోనూ అదే బాగోతం. ఓక్‌హీ చెంచా పక్కన పెట్టింది.

"నేనైతే క్షమాపణ చెప్పను. నన్ను తీసేస్తారు, తీసెయ్యనీ. కానీ ఆ కుర్చీ తుడిచేసి అందులో ఇంకో పిల్లని కూచోబెడతారు. దాని సంగతి ఆలోచించండి."

 మర్నాడు మిరాన్‌కి సెలవు. పొద్దున్నే గ్వాంగ్జు బస్సెక్కింది.

అక్కడి సెంటర్ మెట్ల మీద ఆడవాళ్లు కూచుని కింబాప్ అన్నపు చుట్టలు తింటున్నారు. రెండు ఊళ్లవాళ్లూ రోజూ ఒకళ్ల కాల్స్ ఒకళ్లు అందుకునేవాళ్లే గానీ, ఒకళ్ల మొహం ఒకళ్లు ఎరగరు. డేజన్‌లో పని ఆపబోతున్నామని మిరాన్ చెప్పగానే, హ్యోన్‌సుక్ అనే ఆవిడ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏం, మీ బరువంతా మా నెత్తిన పడేసి మీరు పోరాటం చేస్తారా?"

మిరాన్‌కి ఉపన్యాసాలు రావు. కుర్చీ సంగతి, శుక్రవారం క్షమాపణ సంగతి చెప్పింది, అంతే. మెట్ల మీద తినడం ఆగిపోయింది. హ్యోన్‌సుక్ మెల్లగా అంది, "మా దగ్గర ఇద్దరికి ఇలాగే ఐంది. ఎవరికీ చెప్పుకోలేదు." చేతులు తుడుచుకుని అడిగింది, "శుక్రవారం ఎన్నింటికి?"

శుక్రవారం బే ఓక్‌హీని ముందుకు పిలిచి, తనే నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. అవతలివాడు దర్జాగా హలో అన్నాడు.

"సార్, ఆ రోజు నేను బాత్రూంకి వెళ్లాల్సొచ్చింది. దానికి క్షమాపణ చెప్పను. ఇప్పుడు ఫోను పెట్టేస్తున్నా," అని పెట్టేసింది ఓక్‌హీ.

వెంటనే సెబ్యోల్ సీట్లోంచి అదే మాట. ఆ వెనక వరసలోంచి, ఆ పక్క గదిలోంచి. కస్టమర్ గారూ, బాత్రూంకి వెళ్లాలి, ఫోను పెట్టేస్తున్నా. నిజం చెప్పుకోవాలి, కొందరు కస్టమర్లు వెళ్లిరా తల్లీ అన్నారు. వాళ్లూ ఎక్కడో ఎవడి కిందో పనిచేసేవాళ్లే కదా. మిరాన్ కూడా హెడ్‌సెట్ తీసింది. చెవులకు గాలి తగిలింది. ఆడవాళ్లంతా వెళ్లి బాత్రూం ముందు వరసగా నిలబడ్డారు. వరస నడవ దాటి మెట్ల మీదకు పాకింది.

బే పరుగెత్తుకొచ్చాడు. వంతు ప్రకారం వెళ్లాలని అరిచాడు.

"వంతులోనే ఉన్నాం సార్," అంది సెబ్యోల్. "చూడండి, ఎంత బుద్ధిగా నిలబడ్డామో."

అయినా బే బెదరలేదు. గ్వాంగ్జు ఉందిగా అంటూ కాల్స్ అటు మళ్లించాడు. గోడ మీది బోర్డులో ఆగి ఉన్న కాల్స్ అంకె నిజంగానే తగ్గింది.  మోసపోయామా అనుకుంది మిరాన్. అంతలో అంకె నిలిచిపోయింది. మెల్లగా పైకి లేచింది. ఆపైన ఇక ఆగలేదు. గ్వాంగ్జులోనూ ఆడవాళ్లు బాత్రూంకి బయల్దేరారు. బే అక్కడికి ఫోన్ చేస్తే, మిమ్మల్ని ప్రేమిస్తున్నాం, దయచేసి వేచి ఉండండి అని యంత్రం పలికింది.

కాసేపటికి బే సెల్‌ఫోన్ మోగింది. సియోల్ నుంచి మిరినే డైరెక్టర్. ఈ ఆడవాళ్లు కాంట్రాక్టరు మనుషులు, వాళ్లతో మాకేం సంబంధం లేదని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చిన పెద్దమనిషి. వాళ్లలో ఎవరికైనా ఇవ్వమన్నాడు కాబోలు, బే ఫోను వరసలో ఉన్న మిరాన్ చేతిలో పెట్టాడు.

పోలీసుల్ని పంపిస్తానన్నాడు డైరెక్టర్. కోర్టుకీడ్చి ఒక్కొక్కరి చేత నష్టం కక్కిస్తానన్నాడు. మిరాన్ అంతా విని, ఓక్‌హీని పనిలోంచి తీయకూడదని, బాత్రూంకి అడుక్కోవడం ఉండదని, బూతులు తిట్టేవాడి ఫోను మేమే ముందు పెట్టేస్తామని చెప్పింది.

"మీరసలు మా ఉద్యోగులే కారు!"

"కాకపోతే మీకెందుకు సార్ ఇంత కోపం?"

అతను మరింత రెచ్చిపోయాడు. అలవాటైన చెయ్యి ఫోనును చెవికి ఆనించే ఉంచింది. అవతలివాడు ముగించేదాకా ఓపిక పట్టమంటోంది. మిరాన్ పక్కకు చూసింది. వరసలో ఓక్‌హీ అక్క నిటారుగా నిలబడి ఉంది.

"డైరెక్టర్ గారూ, నా వంతొచ్చింది," అంది మిరాన్. అతను ఇంకా మాట్లాడుతుండగానే ఎర్ర బటన్ నొక్కి, ఫోను బే చేతిలో పెట్టేసింది.

అది వెంటనే మళ్లీ మోగింది. ఎవరూ ఎత్తలేదు. వరస ఒక అడుగు ముందుకు జరిగింది.